థ్యాంక్స్‌గివింగ్‌కు ముందు ఇంటిలో జరగవలసిన సిద్ధపాటు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నవంబరు నెల నాలుగవ గురువారం నాడు జరిగే థ్యాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞతార్పణ దినం, చట్టం దృష్టిలో దేశ ప్రజలందరి సెలవు దినమే గాని ఏ ఒక్క మతానికీ చెందిన పండుగ కాదు. అయితే దాని మూలాలు క్రైస్తవ ఆరాధనలో ఉన్నందువల్ల అక్కడి విశ్వాసుల కుటుంబాలు దానిని క్రిస్మస్, ఈస్టర్ పండుగల సరసన నిలుపుకున్నాయి. వాటిలో చాలా కుటుంబాలు నవంబరు మొదటి వారాల నుంచే ఇంటిల్లిపాదీ కూర్చుని వాక్యం చదువుకోవడం, ఆ సంవత్సరంలో పొందిన మేళ్లను రాసి పెట్టుకోవడం వంటి పనులతో ఆ దినం కోసం మనసులను సిద్ధపరచుకుంటాయి. ఈ సిద్ధపాటు ఎందుకు అవసరమో పండుగ నాటి భోజనబల్ల దగ్గరే తెలిసిపోతుంది. టర్కీ కోడిని ఓవెన్‌లో కాల్చడం, గుమ్మడికాయతో తీపి వంటకం చేయడం, వేరే రాష్ట్రాల నుంచి వచ్చే బంధువులకు పడకలు ఏర్పాటు చేయడం వంటి పనులతో వారమంతా గడిచిన తరువాత, ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పమని ఇంటి పెద్ద అడిగినప్పుడు, ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అన్న మూడు మాటలు బల్ల చుట్టూ తిరిగి వంతు ముగిసిపోతుంది. మనసులో కృతజ్ఞత లేక ఎవరూ అలా చెప్పరు. జరిగినవాటిని జ్ఞాపకం తెచ్చుకోవడానికి వ్యవధి దొరకక అలా చెబుతారు.

బైబిలులో కృతజ్ఞత ముందుగా జ్ఞాపకానికి సంబంధించిన పని. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమ ఫలములను, అంటే పొలంలో మొదట చేతికి వచ్చిన పంటలో దేవునికి చెందవలసిన భాగాన్ని, ఎలా అర్పించాలో వివరంగా ఉంది. ఇశ్రాయేలు రైతు ఆ పంటను గంపలో పెట్టుకొని యాజకుని, అంటే బలులు అర్పించే సేవకుని, ఎదుటికి వచ్చినప్పుడు గంప అప్పగించి ఊరకే వెళ్లిపోవడానికి వీలులేదు. తన పితరుడు దిక్కులేక తిరుగుతూ ఐగుప్తుకు వలసపోయిన సంగతి, అక్కడ తన జనం వెట్టిచాకిరీలో మగ్గిన సంగతి, దేవుడు వారి మొర విని విడిపించి ఈ నేలను ఇచ్చిన సంగతి వరుసగా నోరు తెరచి చెప్పాలి. ఎన్నో తరాల క్రితం జరిగిన ఆ కథను అతడు తన సొంత అనుభవంగా, మమ్మును బాధపెట్టారు, మమ్మును విడిపించాడు అన్న ధోరణిలో చెప్పవలసి ఉండటం గమనించదగిన విషయం. అదే గ్రంథం 8వ అధ్యాయం, కడుపు నిండి, మంచి ఇళ్లు కట్టుకొని, మందలూ వెండి బంగారాలూ పెరిగిన రోజున, ఇదంతా తన చేతి బలంతోనే సంపాదించానని మనిషి అనుకునే ప్రమాదం ఉందని హెచ్చరిస్తుంది. ఆకలి రోజులలో కంటే తృప్తి రోజులలోనే మరపు బలంగా పనిచేస్తుందన్న ఈ పరిశీలన, విందు చుట్టూ అల్లుకున్న పండుగకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది.

పిల్లలకు చెప్పవలసిన కథ ఏదన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఈ పండుగ వెనుక ఉన్న చరిత్ర బడి నాటకాలలో కనిపించేంత తేలికైనది కాదు. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి బయలుదేరి, ఇప్పటి మసాచుసెట్స్ తీరంలో ప్లిమత్ అనే వలస గ్రామాన్ని నెలకొల్పిన 102 మంది ప్రయాణికులలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే మరణించారు. వారిలో వివాహిత స్త్రీలు 18 మంది ఉండగా, 1621 శరదృతువులో పంట చేతికి వచ్చి విందు జరిగే నాటికి నలుగురు మాత్రమే మిగిలారు. ఆ విందును గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో అనే వలసవాసి ఇంగ్లండుకు రాసిన ఉత్తరం ప్రకారం, 20 ఎకరాలలో వేసిన మొక్కజొన్న బాగా పండింది, బార్లీ ఓ మాదిరిగా పండింది, బఠాణీ ఎండకు మాడిపోయింది. వాంపనోగ్ అనే స్థానిక తెగ నాయకుడు మసాసోయిట్ దాదాపు 90 మంది మనుషులతో వచ్చి, ఐదు దుప్పులను వేటాడి తెచ్చి, మూడు రోజులు వారితో కలిసి భోజనం చేశాడు. పండిన మొక్కజొన్న ఆ నేలకు చెందినది, పండించే పద్ధతి నేర్పినవాడూ ఆ నేలవాడే. చేపలను ఎరువుగా వేసి మొక్కజొన్న నాటడం నేర్పిన టిస్క్వాంటమ్ అనే అతడిని 1614లో ఒక ఇంగ్లీషు ఓడ నాయకుడు ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మివేశాడు. అతడు ఎలాగో తప్పించుకొని 1619లో తిరిగి వచ్చేసరికి, అంటువ్యాధి వల్ల అతని ఊరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ప్లిమత్ గ్రామం వెలసినది నిర్మానుష్యమైన ఆ ఊరి నేల మీదనే.

ఈ సంగతిని దాచిపెట్టి పిల్లలకు విందును మాత్రమే చూపే కుటుంబం వారికి సగం కృతజ్ఞతనే నేర్పుతున్నది. ఆ విందు జరిగిన రెండు తరాలలోపే, 1675లో మొదలైన యుద్ధంలో ఆ వలసవాసుల సంతతీ మసాసోయిట్ కుమారుడూ పరస్పరం శత్రువులయ్యారు, వాంపనోగ్ ప్రజలు దాదాపు సర్వం కోల్పోయారు. అందుకే 1970 నుంచి ప్రతి థ్యాంక్స్‌గివింగ్ నాడు ప్లిమత్‌లోనే ఆదివాసులు, వారి మిత్రులు సమావేశమై ఆ రోజును జాతీయ శోక దినంగా పాటిస్తున్నారు. తన పితరుల బానిసత్వాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడని ఇశ్రాయేలు రైతు సంప్రదాయాన్ని నిజంగా స్వీకరించిన క్రైస్తవ గృహం, తన దేశ చరిత్రలోని అన్యాయాన్ని చెప్పుకోవడానికి కూడా వెనుకాడకూడదు. మేలు చేసిన మనుషులను మరచిపోయి దేవునికి మాత్రమే స్తోత్రం చెల్లించడం బైబిలు కోరే కృతజ్ఞత కాదు.

ప్లిమత్ వలసవాసుల మత జీవితంలో సిద్ధపాటుకు ఒక నిర్దిష్టమైన రూపం ఉండేది. 1621 నాటి విందు వారి దృష్టిలో పంట సంబరం మాత్రమే. కృతజ్ఞతార్పణ దినం అని వారు పిలిచినది సంఘమంతా పని మానుకొని ప్రార్థనకు కూడుకునే రోజును. అటువంటి దినానికి జోడుగా ఉపవాస దినం ఉండేది. అంటే కరువు, వ్యాధి, కలహం వంటి ఆపద వచ్చినప్పుడు తమను తాము పరీక్షించుకొని, పాపాలు ఒప్పుకొని, దేవుని ఎదుట తగ్గించుకునే రోజు. 1623 వేసవిలో వానలు లేక మొక్కజొన్న వాడిపోతున్నప్పుడు వారు మొదట ఉపవాస దినాన్ని ఆచరించారు, వాన కురిసి పంట తేరుకున్న తరువాత కృతజ్ఞతార్పణ దినాన్ని ఆచరించారు. న్యూ ఇంగ్లండు ప్రాంతంలో వసంతకాలంలో ఉపవాసం, శరత్కాలంలో స్తుతి అన్న ఈ జంట సంప్రదాయం చాలా కాలం నిలిచింది. మసాచుసెట్స్ రాష్ట్రం తన అధికారిక ఉపవాస దినాన్ని 1894లో గాని రద్దు చేయలేదు. కాలక్రమంలో ఉపవాసం జారిపోయి విందు ఒక్కటే మిగిలింది. నేటి కుటుంబాలు పండుగకు ముందు వారంలో ఒక పూట భోజనం మానుకొని, ఆ సమయంలో ప్రార్థన చేసి, ఆ ఖర్చును ఆహార నిధికి ఇవ్వడం ద్వారా, తెలిసో తెలియకో, ఆ పాత జోడును తిరిగి కలుపుతున్నాయి.

ఈ పండుగ దేశమంతటా ఒకే రోజున స్థిరపడటం కూడా దుఃఖం మధ్యలోనే జరిగింది. మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789 నవంబరు 26ను కృతజ్ఞతా దినంగా ప్రకటించినా, అది ఏటేటా కొనసాగే ఆచారం కాలేదు. చిన్న వయసులోనే భర్తను కోల్పోయి ఐదుగురు పిల్లలను పెంచిన సారా జోసెఫా హేల్ అనే రచయిత్రి, గోడీస్ లేడీస్ బుక్ పత్రికకు సంపాదకురాలై, దశాబ్దాల పాటు గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాసి, దేశమంతా ఒకే రోజున ఈ పండుగ జరుపుకోవాలని పట్టుబట్టింది. చివరకు అంతర్యుద్ధం నడుస్తుండగా, గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిసిన మూడు నెలలకు, 1863 అక్టోబరు 3న అబ్రహాం లింకన్ నవంబరు చివరి గురువారాన్ని కృతజ్ఞతార్పణ దినంగా ప్రకటించాడు. ఆ ప్రకటనలో పంటల సమృద్ధికి, గనుల సంపదకు దేవుని స్తుతించాలని చెప్పడంతో పాటు, జాతి చేసిన తప్పులకు పశ్చాత్తాపపడాలని, యుద్ధం వల్ల విధవలు, అనాథలు, దుఃఖితులు అయినవారిని దేవుని కాపుదలకు అప్పగించాలని కూడా ఉంది. స్తుతి, పశ్చాత్తాపం, విజ్ఞాపన మూడూ ఒకే చోట ఉన్న ఆ ప్రకటనను పండుగ ముందటి ఆదివారం ఇంటిలో బిగ్గరగా చదివించడం, పిల్లలకు చరిత్ర పాఠంగానూ ప్రార్థన పాఠంగానూ పనికివస్తుంది. ఆ తరువాత తేదీ విషయమై కొంత గందరగోళం నడిచి, 1941 డిసెంబరులో వచ్చిన చట్టం నాలుగవ గురువారాన్ని ఖాయం చేసింది. 1939లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరపడానికి కారణం క్రిస్మస్ కొనుగోళ్లకు మరిన్ని రోజులు దొరకాలన్న వ్యాపారుల కోరిక. పండుగ మరునాడు ప్రపంచానికంతటికీ బ్లాక్ ఫ్రైడేగా తెలిసిన తగ్గింపు ధరల రోజు కావడం చూస్తే, లేనిదాన్ని గుర్తు చేసే ప్రకటనలు ఉన్నదాన్ని తలచుకునే వారంలోనే ఇంటిని ముంచెత్తుతాయని అర్థమవుతుంది. ఆ వారం ఫోనులోని షాపింగ్ యాప్‌లను మూసి ఉంచాలని ముందుగానే తీర్మానించుకునే కుటుంబాలది మంచి వివేకం.

ఇంటి స్థాయిలో సిద్ధపాటు సాధారణంగా కుటుంబ ప్రార్థనతో, అంటే ఇంటివారంతా రాత్రి భోజనానికి ముందో తరువాతో కూర్చుని వాక్యం చదివి ప్రార్థించే అలవాటుతో, మొదలవుతుంది. కీర్తనల గ్రంథంలోని 100, 103, 107, 136 కీర్తనలు ఈ కాలానికి చాలా కుటుంబాలు ఎంచుకునేవి. వీటిలో 136వ కీర్తన ఇంటి సాధనకు ప్రత్యేకంగా అనువైనది. దానిలోని 26 వచనాలలో చాలావాటికి మొదటి సగం దేవుడు చేసిన ఒక కార్యాన్ని చెబుతుంది, ప్రతి వచనానికీ రెండవ సగం ఆయన కృప నిరంతరం ఉంటుందన్న ఒకే పల్లవిని తిరిగి పలుకుతుంది. సృష్టితో మొదలై, ఐగుప్తు విడుదల మీదుగా సాగి, ప్రతి ప్రాణికీ ఆహారమిచ్చే దేవుని తలచుకోవడంతో ముగుస్తుంది. ఈ నమూనాను అనుసరించి తల్లిదండ్రులు తమ ఇంటి చరిత్రలోని ఒక్కొక్క సంఘటనను చెబుతుంటే పిల్లలు పల్లవిని అందుకుంటారు. శస్త్రచికిత్స జరిగిన రోజు, ఉద్యోగం పోయిన నెల, అద్దె కట్టడానికి అనుకోని చోటు నుంచి సాయం అందిన సంగతి, పరీక్ష తప్పినా బిడ్డ ధైర్యం కోల్పోని సంగతి ఆ వరుసలో చేరినప్పుడు, ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అన్న మూడు మాటల స్థానంలో ఆ ఇంటికే చెందిన సాక్ష్యం నిలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో కాగితపు ఆకుల మీద రోజుకొక మేలు రాసి కొమ్మకు అంటించే కృతజ్ఞత చెట్టు, విస్తరి పక్కన ఐదు మొక్కజొన్న గింజలు పెట్టి ఒక్కొక్క గింజకు ఒక్కొక్క మేలు చెప్పించే ఆచారం వాడుకలో ఉన్నాయి. ఆ ఐదు గింజలే వలసవాసులకు ఒక దినపు ఆహారమైన రోజులు ఉండేవని చెప్పే కథ తరువాతి కాలపు ఐతిహ్యం. దానిని ఐతిహ్యమనే చెప్పి ఆచారాన్ని నిలుపుకోవడంలో తప్పులేదు.

కృతజ్ఞతను నేర్పే పనిలో మంచి తల్లిదండ్రులు కూడా సులభంగా పడిపోయే ఒక గుంట ఉంది. లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, ఆలయానికి వెళ్లిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గానికి చెందినవాడు, దేవునికి కృతజ్ఞతలే చెప్పాడు. కాని తాను ఇతరుల వంటివాడు కానందుకు, పక్కన నిలబడిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, వంటివాడు కానందుకు చెప్పాడు. అన్నం వదిలేసే బిడ్డతో, తిండి లేని పిల్లలను చూసి నీకున్నదానికి సంతోషించమని చెప్పడం ఆ పరిసయ్యుని ప్రార్థననే మెత్తని మాటలతో నేర్పడం అవుతుంది, ఎందుకంటే అక్కడ ఇతరుని లేమి తన సంతోషానికి కొలమానంగా మారుతోంది. ఆ బిడ్డకు తిండి లేని పిల్లలను తప్పక చూపించాలి, అయితే అది పోల్చుకోవడానికి గాక పంచుకోవడానికి దారితీయాలి. లూకా 17వ అధ్యాయంలో శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చిన ఒక్కడు సమరయుడు, అంటే యూదులు దూరంగా పెట్టిన జనానికి చెందినవాడు, కావడం ఈ సందర్భంలో తలచుకోవాలి. ఆ కథలో కృతజ్ఞతకు ఆదర్శంగా నిలిచినది విశ్వాసుల గుంపులోని మనిషి కాదు, బయటివాడు.

సంవత్సరంలో మరణం సంభవించిన ఇంటిలో, విడాకులో వ్యాధో మీద పడిన ఇంటిలో, బలవంతపు కృతజ్ఞత గాయం మీద ఉప్పు చల్లినట్టు ఉంటుంది. అన్ని పరిస్థితులలో కృతజ్ఞతలు చెల్లించమని థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మాటను, జరిగిన ప్రతి కీడునూ మెచ్చుకోమనే ఆజ్ఞగా చదవడం వల్ల చాలా మంది మనసులు విరిగాయి. అదే బైబిలులో విలాప కీర్తనలు, అంటే దుఃఖాన్నీ ఫిర్యాదునూ దేవుని ఎదుట దాచకుండా చెప్పుకునే కీర్తనలు, స్తుతి కీర్తనల పక్కనే ఉన్నాయి. థ్యాంక్స్‌గివింగ్ ఆరాధనలలో ఈనాటికీ పాడుతున్న ఒక జర్మన్ కీర్తనను రాసిన మార్టిన్ రింకార్ట్ ముప్పై సంవత్సరాల యుద్ధకాలంలో ఐలెన్‌బర్గ్ పట్టణంలో సంఘ కాపరి. 1636 ప్రాంతంలో వెలువడిన ఆ కీర్తన మొదట పిల్లలు భోజనబల్ల దగ్గర చెప్పుకునే ప్రార్థనగా రాసినదని చెబుతారు. 1637లో ఆ పట్టణాన్ని ప్లేగు చుట్టుముట్టినప్పుడు, తోటి కాపరులు మరణించడమో వెళ్లిపోవడమో జరగగా, నాలుగు వేలకు పైగా మృతులకు ఆయన భూస్థాపన ప్రార్థనలు జరిపాడు. వారిలో ఆయన భార్య కూడా ఉంది. దుఃఖం తీరిన తరువాతే స్తుతి మొదలవ్వాలని ఆ ఇంటివారు కాచుకొని ఉంటే వారి బల్ల మీద ప్రార్థన ఎన్నటికీ వినిపించేది కాదు. కన్నుమూసినవారి పేరును ప్రార్థనలో పలకడం, వారిని గురించి ఒక జ్ఞాపకం చెప్పుకోవడం, కన్నీళ్లు వస్తే రానివ్వడం ఆ రోజుకు తగినవే.

మనస్పర్థలున్న బంధువులు ఒకే బల్ల దగ్గరికి వచ్చే రోజు కూడా ఇదే కాబట్టి, మత్తయి సువార్త 5వ అధ్యాయం చెప్పిన క్రమాన్ని, అంటే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడమన్న క్రమాన్ని, పండుగకు వారం ముందే పాటించడం మేలు. ఒక ఫోను పిలుపు చాలా సందర్భాలలో సరిపోతుంది.

లేవీయకాండము 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ బలికి ఒక విచిత్రమైన నియమం ఉంది: దాని మాంసాన్ని అదే రోజున తినివేయాలి, ఉదయం వరకు ఏమీ మిగలకూడదు. ఒక పశువు మాంసాన్నీ, దానితో అర్పించిన రొట్టెలనూ ఒక ఇంటివారే ఒక్క పూటలో తినలేరు కాబట్టి, కృతజ్ఞత చెల్లించదలచినవాడు బంధువులనూ పొరుగువారినీ పిలవక తప్పేది కాదు. అమెరికాలో ఈ స్ఫూర్తిని నిలిపిన ఆచారం ఒకటి తెలుగువారికి స్వయంగా పరిచయం. థ్యాంక్స్‌గివింగ్ సెలవులలో విశ్వవిద్యాలయాల ప్రాంగణాలు ఖాళీ అయి, చాలా చోట్ల భోజనశాలలు కూడా మూతపడినప్పుడు, స్థానిక సంఘాలలోని కుటుంబాలు విదేశీ విద్యార్థులను తమ ఇళ్లకు ఆహ్వానిస్తాయి. తెలుగు రాష్ట్రాల నుంచి చదువుకోవడానికి వెళ్లిన యువతీయువకులలో ఎందరో, క్రైస్తవులూ కానివారూ, ఒక అమెరికన్ ఇంటి లోపలిని మొదట చూసినది అటువంటి ఆహ్వానం మీదనే. కొత్త మనిషి బల్ల దగ్గర ఉన్నప్పుడు ఇంటివారు తమ కథను మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది, అది ఇంటి పిల్లలకు కూడా పాఠమవుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఈ పండుగకు కావలసిన సాధన సామగ్రిని ఇక్కడి నుంచే వెంట తీసుకుపోయాయి. తెలుగు సంఘాలలో పంట పండుగ నాడు, దీనినే కొన్ని చోట్ల కోత పండుగ అంటారు, విశ్వాసులు వరి కంకులు, ధాన్యం, కూరగాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుని సన్నిధిలో పెడతారు. ఆరాధన తరువాత వాటిని చాలా చోట్ల వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘ సేవకు వినియోగిస్తారు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడిగా నిలిచిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, క్రైస్తవుని దానధర్మం మీద ఒక పుస్తకమే రాశారు. నిరుపేద కూలీ కుటుంబం కూడా ఇవ్వగలిగిన స్థితిలోనే ఉంటుందన్న నమ్మకం ఆయన పరిచర్యలో ఆద్యంతం కనిపిస్తుంది. పంట పండుగకు తోడు, బిడ్డ పుట్టినా, ఇల్లు కట్టుకున్నా, జబ్బు నుంచి కోలుకున్నా బంధువులనూ సంఘాన్నీ పిలిచి జరుపుకునే కృతజ్ఞత కూటం, డిసెంబరు 31 రాత్రి గుడిలో లేచి నిలబడి సంవత్సరపు మేళ్లను సాక్ష్యంగా చెప్పే అలవాటు తెలుగు విశ్వాసులకు చిన్ననాటి నుంచి తెలిసినవే. ద్వితీయోపదేశకాండపు రైతు చేసిన పని ఇదే. అయితే అమెరికాలో పుట్టిన పిల్లలకు ఆ సాక్ష్యాలలోని ఊళ్లు, కరువులు, అప్పులు, బడి మానిపించిన పరిస్థితులు, వేలు పట్టుకొని చదివించిన మేనమామలు తెలియవు, ఎవరూ చెప్పకపోతే తెలిసే మార్గం లేదు.

కాబట్టి థ్యాంక్స్‌గివింగ్ జరుపుకునే తెలుగు కుటుంబాలు ఈ నవంబరులో సరుకుల జాబితా రాయడానికి ముందే, ఊరిలో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, పిల్లలు వింటుండగా వారి జీవితంలో దేవుడు చేసిన మేలు ఒక్కటైనా, ఆ మేలు ఏ మనుషుల చేతుల మీదుగా అందిందో ఆ మనుషుల పేర్లతో సహా, చెప్పించుకోవాలి. దానిని తెలుగులోనే రాసి ఉంచి, గురువారం నాడు భోజనానికి ముందు ఇంటిలోని చిన్న బిడ్డ చేత చదివించాలి.